ఏసీఓ: రాడ్‌వీ డ్రైవర్ సొంత షేడర్ కంపైలర్

ఏఎండీ గ్రాఫిక్స్ చిప్‌ల కోసం తయారైన ఓపెన్ సోర్స్ షేడర్ కంపైలర్ ఏసీఓ. రేడియాన్ కార్డు మీద లినక్స్‌లో ఆటలాడేవాళ్లు, స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ యంత్రం వాడేవాళ్లు దీని పేరు వినకపోయినా రోజూ దీన్ని వాడుతూనే ఉంటారు. మెసా ప్రాజెక్టులోని రాడ్‌వీ అనే వల్కన్ డ్రైవర్‌లో ఇది భాగం. స్టీమ్ దుకాణం నడిపే వాల్వ్ కంపెనీ ఖర్చు పెట్టి రాయించగా 2019 జులైలో బయటికొచ్చింది. ఆ డిసెంబరులో మెసా 19.3తో పాటు, కావాలని అడిగినవాళ్లకు అందింది. 2020లో మెసా 20.2 నుంచి అడగకపోయినా పనిచేసే కంపైలర్ అయింది. అంతకుముందు ఆ స్థానంలో ఎల్‌ఎల్‌వీఎం ఉండేది. అది పెద్దది, పేరున్నది, ఎన్నో కంపెనీలు కలిసి పెంచినది. దాన్ని పక్కనపెట్టి కొద్దిమంది రాసిన చిన్న కంపైలర్‌ను తెచ్చుకుంటే కంపైలేషన్ వేగమూ పెరిగింది, తయారయ్యే కోడ్ నాణ్యతా పెరిగింది. మామూలుగా ఈ రెండిట్లో ఒకటి కావాలంటే రెండోదాన్ని కొంత వదులుకోవాలి. ఇక్కడ అలా జరగలేదు.

షేడర్ ఎప్పుడు కంపైల్ అవుతుంది

తెర మీద కనిపించే ప్రతి పిక్సెల్ రంగునూ, ప్రతి త్రిభుజం మూలల స్థానాన్నీ లెక్కగట్టే చిన్న ప్రోగ్రామే షేడర్. మామూలు ప్రోగ్రామును దాని తయారీదారు ముందే కంపైల్ చేసి అమ్ముతాడు. షేడర్‌కు ఆ వీలు లేదు. కొనేవాడి ఇంట్లో ఏ కంపెనీ చిప్ ఉందో, ఏ తరానిదో ఆట రాసినవాడికి తెలియదు, ప్రతి తరానికీ ఆజ్ఞల భాష మారిపోతుంది. అందుకే ఆటతో పాటు మధ్యంతర రూపమే వస్తుంది. 2016 ఫిబ్రవరిలో క్రోనోస్ సంస్థ విడుదల చేసిన వల్కన్ అనే గ్రాఫిక్స్ ప్రమాణంలో ఆ రూపం పేరు స్పిర్-వీ. దాన్ని చిప్‌కు అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చే పని ఆడేవాడి కంప్యూటర్‌లో, డ్రైవర్ లోపల, చాలాసార్లు ఆట నడుస్తుండగానే జరుగుతుంది.

ఇబ్బంది అక్కడే మొదలవుతుంది. సెకనుకు 60 ఫ్రేములు చూపాలంటే ఒక్కో ఫ్రేముకు దక్కేది 16.7 మిల్లీసెకన్లు. కొత్త గదిలోకి అడుగుపెట్టగానే ఎన్నడూ చూడని షేడర్ ఒకటి కావలసొచ్చి, దాన్ని కంపైల్ చేయడానికి 100 మిల్లీసెకన్లు పట్టిందంటే ఆరు ఫ్రేములు పోయినట్టే. ఆటగాళ్లు దీన్ని స్టటర్ అంటారు. సగటు ఫ్రేముల లెక్కలో ఇది సరిగా కనబడదు, కంటికి మాత్రం వెంటనే తెలిసిపోతుంది.

2018 ఆగస్టులో వాల్వ్ ప్రోటాన్‌ను విడుదల చేశాక లినక్స్‌లో ఈ బాధ మరింత పెరిగింది. విండోస్ ఆటలను లినక్స్ మీద ఆడించే ఆ సాఫ్ట్‌వేర్‌లో డీఎక్స్‌వీకే అనే పొర ఉంటుంది. విండోస్ గ్రాఫిక్స్ పద్ధతి అయిన డైరెక్ట్3డీ ఆజ్ఞలను అది వల్కన్‌లోకి మారుస్తుంది. పాత డైరెక్ట్3డీ ఆటలు ఏ షేడర్‌ను ఏ అమరికలతో వాడబోతున్నాయో ముందుగా చెప్పవు, గీయమనే క్షణంలోనే చెబుతాయి. వల్కన్ పద్ధతి దీనికి పూర్తిగా విరుద్ధం. షేడర్లు, వాటి చుట్టూ ఉండే అమరికలు అన్నీ కలిపి పైప్‌లైన్ అనే ముద్దగా ముందే అప్పజెప్పమంటుంది. ఈ రెండిటి మధ్య నలిగిన డీఎక్స్‌వీకేకు, గీయాల్సిన క్షణంలో కంపైలర్‌ను పిలవడం తప్ప దారి లేకపోయింది.

మెసా, రాడ్‌వీ, ఎల్‌ఎల్‌వీఎం

మెసాను 1993లో బ్రయాన్ పాల్ మొదలుపెట్టారు. వల్కన్‌కు ముందున్న గ్రాఫిక్స్ ప్రమాణం ఓపెన్‌జీఎల్‌ను చిప్ సాయం లేకుండా నడిపే ఒంటరి ప్రయత్నంగా పుట్టి, కాలక్రమంలో లినక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్లలో చాలావాటికి పుట్టిల్లయింది. అందులోని రాడ్‌వీని 2016లో డేవ్ ఎయిర్లీ, బాస్ న్యూవెన్‌హౌజెన్ ఆరంభించారు. ఏఎండీ తన సొంత వల్కన్ డ్రైవర్ సోర్స్‌ను విడుదల చేస్తానని చెబుతూ వచ్చింది కానీ, అది ఏఎండీవీఎల్‌కే పేరుతో వెలుగు చూసేసరికి 2017 డిసెంబరు అయింది. ఈలోగా బయటివాళ్లు రాసిన రాడ్‌వీ ఆటలు ఆడించే స్థాయికి ఎదిగిపోయింది. ఇది సాధ్యం కావడానికి ఏఎండీయే ఒక కారణమని ఒప్పుకోవాలి. తన చిప్‌ల ఆజ్ఞల పట్టికను అది పత్రాలుగా ప్రచురిస్తూ వచ్చింది. ఆ పత్రాలు లేకుంటే బయటివాళ్లు కంపైలర్ రాయడం గోడ మీద చెవి పెట్టి మాటలు పోల్చుకోవడమే అయ్యేది.

ఎల్‌ఎల్‌వీఎం 2000లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో క్రిస్ లాట్నర్, విక్రమ్ అద్వేల పరిశోధనగా పుట్టింది. ఆ తర్వాత సీ, స్విఫ్ట్, రస్ట్ భాషల కంపైలర్లకు పునాది అయింది. ఏఎండీ తన చిప్‌ల కోసం దానికి వెనక భాగం, అంటే చిప్ ఆజ్ఞలు తయారుచేసే భాగం, రాసిచ్చింది. రాడ్‌వీ మొదట ఆ తయారు సరుకునే వాడుకుంది, కొత్త డ్రైవర్‌కు అది తెలివైన నిర్ణయమే. కానీ రెండు చిక్కులు వచ్చాయి. ఒకటి సాంకేతికం కాదు. ఎల్‌ఎల్‌వీఎం దాదాపు ఆరు నెలలకోసారి విడుదలవుతుంది, లినక్స్ పంపిణీలు దాన్ని తమ వీలు చూసుకుని చేర్చుకుంటాయి. ఏదో ఆటలో కనిపించిన తప్పును రాడ్‌వీ బృందం వారంలో కనిపెట్టినా, దిద్దుబాటు ఎల్‌ఎల్‌వీఎంలో చేయాల్సొస్తే అది ఆడేవాడికి చేరడానికి నెలలు పట్టేది. డ్రైవర్ ఒకరి చేతిలో, కంపైలర్ మరొకరి చేతిలో ఉండటం వల్ల వచ్చిన తంటా ఇది. ఏసీఓ తెచ్చిన లాభాల్లో వేగం గురించే అందరూ మాట్లాడతారు. తప్పు దొరికిన చోటే దిద్దుకోగలగడం అంతకంటే చిన్న లాభమేమీ కాదు.

రెండో చిక్కు లోతైనది. అది అర్థం కావాలంటే ముందు ఏఎండీ చిప్ లోపల ఏం జరుగుతుందో చూడాలి.

వేవ్, రిజిస్టర్లు

2012 జనవరిలో రేడియాన్ హెచ్‌డీ 7970తో అమ్మకానికొచ్చిన జీసీఎన్ అనే చిప్ నిర్మాణంలో 64 థ్రెడ్‌లు, అంటే షేడర్ విడివిడి నడకలు, ఒక వేవ్‌గా కలిసి నడుస్తాయి. అన్నిటికీ ఒకటే ఆజ్ఞ, డేటా మాత్రం వేరు. లెక్కలో ఉన్న విలువలను పెట్టుకునే రిజిస్టర్లు రెండు రకాలు. వెక్టర్ రిజిస్టర్‌లో 64 థ్రెడ్‌లకూ విడివిడిగా 64 విలువలుంటాయి. స్కేలార్ రిజిస్టర్‌లో వేవ్ మొత్తానికీ ఒకటే విలువ. దీపం రంగు, కెమెరా స్థానం, టెక్స్చర్ చిరునామా వంటివి థ్రెడ్‌లన్నిటికీ ఒకటే కాబట్టి వాటిని స్కేలార్ వైపు పెడితే విలువైన వెక్టర్ చోటు మిగులుతుంది. ఏ విలువ ఏ రకమో తేల్చడాన్ని డైవర్జెన్స్ విశ్లేషణ అంటారు. అది తడబడితే కోడ్ బరువెక్కుతుంది, పూర్తిగా తప్పితే బొమ్మే చెడిపోతుంది.

వెక్టర్ రిజిస్టర్ల చోటును సత్రంతో పోల్చవచ్చు. గదుల సంఖ్య మారదు, వచ్చే బృందం ఎన్ని గదులు అడిగితే లోపల పట్టే బృందాలు అంత తగ్గుతాయి. జీసీఎన్‌లో ఒక్కో లెక్కింపు విభాగానికి థ్రెడ్‌కు 256 వెక్టర్ రిజిస్టర్లు. షేడర్ 24 రిజిస్టర్లలో సర్దుకుంటే పది వేవ్‌లు ఒకేసారి లోపలుంటాయి. 64 అడిగితే నాలుగు. ఒక్కటి ఎక్కువై 65 అయితే, నాలుగేసి చొప్పున ఇస్తారు కాబట్టి 68గా లెక్కపడి, మూడే మిగులుతాయి. మెమరీ నుంచి డేటా రావడానికి వందల సైకిళ్లు పడుతుంది. ఆ ఎదురుచూపులో చిప్ ఖాళీగా ఉండకూడదంటే మరో వేవ్ సిద్ధంగా ఉండాలి. కంపైలర్ ఒకే ఒక్క రిజిస్టర్ వృథా చేయడం వల్ల నాలుగో వంతు వేవ్‌లు బయట నిలబడొచ్చు. మామూలు ప్రాసెసర్‌కు కోడ్ రాసే కంపైలర్‌కు ఇలాంటి మెట్ల లెక్కే ఉండదు.

ఒకే అడుగులో నడిచే 64 థ్రెడ్‌లకు 'అయితే – కాకపోతే' అనే షరతు ఎదురైందనుకుందాం. సగం థ్రెడ్‌లు ఇటు, సగం అటు పోవాలి. చిప్ అలా చీలిపోలేదు. ఎగ్జెక్ మాస్క్ అనే 64 బిట్ల గుర్తు ఒకటుంటుంది, బిట్ ఒకటైతే ఆ థ్రెడ్ పనిచేస్తుంది, సున్నా అయితే ఊరుకుంటుంది. ముందు మొదటి దారి మొత్తం నడుస్తుంది, తర్వాత మాస్క్ తిప్పి రెండో దారి మొత్తం నడుస్తుంది. ప్రోగ్రామ్ రాసినవాడి దృష్టిలో అవి ప్రత్యామ్నాయాలు, చిప్ దృష్టిలో మాత్రం ఒకదాని వెనక ఒకటి.

రెండు దారుల పటాలు

రెండో చిక్కు ఇక్కడే ఉంది. ఎల్‌ఎల్‌వీఎంకు మూలం ఒక థ్రెడ్, ఒక దారి అనే ఊహ. ఏఎండీ కోసం రాసిన భాగం ఆ ఊహ మీద మాస్క్‌లను అతికించింది, అదీ చివరి దశల్లో. అప్పటికే జరిగిపోయిన మార్పులకు మాస్క్ సంగతి తెలియదు. థ్రెడ్‌లు ఒకదాని విలువ మరొకటి చూసుకునే సబ్‌గ్రూప్ ఆజ్ఞలు వల్కన్‌లోకి వచ్చాక ఈ అతుకు ఇంకా బయటపడింది. అలాంటి ఆజ్ఞను షరతు అవతలికి జరిపితే, ఏ థ్రెడ్‌లు మేల్కొని ఉన్నాయన్నది మారిపోయి జవాబే మారుతుంది.

ఏసీఓ దీన్ని పునాదిలోనే పరిష్కరించింది, నా దృష్టిలో ఈ కంపైలర్‌లోని అసలు తెలివి ఇదే. ప్రతి షేడర్‌కూ అది రెండు నియంత్రణ పటాలు గీసుకుంటుంది. ఒకటి తార్కిక పటం, థ్రెడ్ కంటికి కనిపించే దారులు అందులో ఉంటాయి. రెండోది సరళరేఖ పటం, చిప్ నిజంగా నడిచే దారి అందులో ఉంటుంది. వెక్టర్ విలువలు ఎంతసేపు బతికుండాలో మొదటి పటం చెబుతుంది, స్కేలార్ విలువల సంగతి రెండోది చెబుతుంది. తేడా ఎందుకంటే, 'అయితే' దారిలో వాడిన వెక్టర్ రిజిస్టర్‌నే 'కాకపోతే' దారిలోనూ మరో పనికి వాడుకోవచ్చు. రెండు చోట్లా మేల్కొని ఉండే థ్రెడ్‌లు వేరు కాబట్టి ఒకరిది మరొకరు చెరపరు. స్కేలార్‌కు ఆ భద్రత లేదు. 'కాకపోతే' దారికి అవసరమైన స్కేలార్ విలువ 'అయితే' దారి మొత్తం నడిచేంతవరకూ చెక్కుచెదరకుండా ఉండి తీరాలి, ఎందుకంటే చిప్ ఆ దారి మీదుగానే నడుస్తుంది. ఒకే పటంతో రెండిటినీ లెక్కవేస్తే వెక్టర్ వైపు చోటు వృథా అవుతుంది, లేదా స్కేలార్ వైపు విలువలు చెరిగిపోతాయి.

రిజిస్టర్ల పంపకం

ప్రోగ్రామ్‌లోని విలువలు లెక్కలేనన్ని, రిజిస్టర్లు కొన్నే. ఎవరికి ఏది ఇవ్వాలన్నది కంపైలర్లకు పాత తలనొప్పి. ఐబీఎంలో గ్రెగరీ చైటిన్ బృందం 1981లో దీన్ని పటానికి రంగులేసే సమస్యగా మార్చి చూపింది. ఒకే సమయంలో బతికున్న రెండు విలువలకు ఒకే రంగు వేయకూడదు. సాధారణ పటానికి కనీస రంగులెన్నో కనిపెట్టడం గణితపరంగా కష్టసాధ్యం కాబట్టి కంపైలర్లు ప్రయత్నించి, ఓడి, కొన్నిటిని మెమరీలోకి తోసి మళ్లీ ప్రయత్నిస్తాయి. ఆ మళ్లీ మళ్లీలోనే సమయం కరిగిపోతుంది.

ప్రతి విలువకూ ఒకే చోట పుట్టుక ఉండాలనే ఎస్‌ఎస్‌ఏ రూపంలో ఉన్న ప్రోగ్రామ్‌ల పటాలకు మాత్రం రంగులేయడం తేలికని 2005 ప్రాంతంలో పరిశోధకులు వేర్వేరుగా కనుగొన్నారు. అక్కడ ఏ క్షణంలోనైనా గరిష్ఠంగా ఎన్ని విలువలు బతికున్నాయో లెక్కపెడితే చాలు, కావాల్సిన రిజిస్టర్ల సంఖ్య అదే. ఏసీఓ ఈ ఫలితాన్ని ఆచరణలో పెట్టింది. పంపకానికి ముందే కచ్చితమైన అవసరం తెలుస్తుంది కాబట్టి, నాలుగు వేవ్‌లు పట్టాలంటే 64 దాటకూడదని ముందే హద్దు గీసుకుని, ఆ హద్దులోపల మెమరీ చదివే ఆజ్ఞలను వీలైనంత ముందుకు జరుపుతుంది. హద్దు మించిన విలువలను పంపకానికి ముందే బయటికి పంపుతుంది. అందులోనూ స్కేలార్లను నేరుగా మెమరీలోకి తోయకుండా, ఒక వెక్టర్ రిజిస్టర్‌లోని 64 అరల్లో సర్దుతుంది. ఆ తర్వాత జరిగే పంపకం ఒక్కసారే, వెనక్కి తిరగదు.

పుస్తకంలో ఉన్నంత సాఫీగా చిప్ ఉండదు. టెక్స్చర్ చదివే ఆజ్ఞ తన ఆర్గ్యుమెంట్లు వరసగా పక్కపక్క రిజిస్టర్లలో ఉండాలంటుంది. మొత్తం చోటు సరిపోయినా ముక్కలు ముక్కలుగా మిగిలితే, ఉన్న విలువలను జరిపి చోటు చేయాలి. ఆ జరపడాలు అదనపు ఆజ్ఞలు. 2019లో వచ్చిన ఆర్‌డీఎన్‌ఏ తరంలో ఏఎండీ చెల్లాచెదురు రిజిస్టర్లను అంగీకరించే టెక్స్చర్ ఆజ్ఞలు తెచ్చి కొంత ఊరటనిచ్చింది. అదే తరంలో 32 థ్రెడ్‌ల వేవ్ కూడా వచ్చింది, దాంతో మాస్క్ వెడల్పు మొదలుకొని చాలా లెక్కలు మారాయి.

చిప్ తప్పులను మోయడం కూడా కంపైలర్ బాధ్యతే. ఆర్‌డీఎన్‌ఏ తొలి చిప్‌లలో గెంతు దూరం సరిగ్గా 63 అయిన బ్రాంచ్ ఆజ్ఞ సరిగా పనిచేయదు. ఏసీఓ ఆ సంఖ్య వచ్చినప్పుడల్లా మధ్యలో ఏ పనీ చేయని ఆజ్ఞ ఒకటి దూర్చి దూరాన్ని మార్చేస్తుంది. ఇలాంటి ప్రమాదాల కోసమే ఒక దశ మొత్తం కేటాయించారు. మెమరీ జవాబు వచ్చేదాకా ఆగమనే ఆజ్ఞలను ఎక్కడ పెట్టాలో తేల్చేది మరో దశ. తొందరపడి ఆపితే వేగం పోతుంది, ఆలస్యంగా ఆపితే పాత విలువ చదివి తప్పు చేస్తుంది.

వేగం ఎక్కడి నుంచి వచ్చింది

షేడర్ ఏసీఓకు చేరేసరికే పని సగం అయిపోయి ఉంటుంది. స్పిర్-వీని మెసా ముందు నిర్ అనే తన మధ్యంతర రూపంలోకి మారుస్తుంది. దీని తొలి రూపాన్ని కానర్ అబాట్ రాశారు, 2015లో మెసాలో చేరింది. వాడని కోడ్ తీసేయడం, లూపులు విప్పడం, గణిత సూత్రాలు కుదించడం వంటి చిప్‌తో సంబంధం లేని మెరుగుదలలన్నీ అక్కడే జరుగుతాయి, వాటిని మెసాలోని డ్రైవర్లన్నీ పంచుకుంటాయి. ఎల్‌ఎల్‌వీఎం వాడినప్పుడు అవే పనులు రెండోసారి జరిగేవి. ఏసీఓ వాటిని పెద్దగా ముట్టుకోదు. ఏఎండీ ఆజ్ఞలను ఎంచుకోవడం, రెండు మూడు ఆజ్ఞలను ఒకటిగా కలపడం, వరస మార్చడం, రిజిస్టర్లు పంచడం, దాని ప్రధాన పనులు ఇవే. మెసాలో ఎక్కువ భాగం సీ భాషలో ఉంటే దీన్ని సీ++లో రాశారు. డేటాను చెదరనివ్వకుండా వరస పట్టీల్లో పెట్టుకుంటుంది, చిన్న చిన్న మెమరీ విన్నపాల బదులు పెద్ద ముక్క తీసుకుని అందులోంచి కోసుకుంటుంది. ఇవి చూడటానికి అల్పమైన సంగతులు, వేల షేడర్ల మీద కూడితే పెద్ద మొత్తం.

మార్పు మంచిదో కాదో అభిప్రాయం మీద తేల్చరు. ఎన్నో ఆటల నుంచి సేకరించిన పైప్‌లైన్లను ఫాసిలైజ్ అనే వాల్వ్ పరికరంతో భద్రపరుస్తారు. కోడ్‌లో ఏ చిన్న మార్పు ప్రతిపాదించినా ఆ సేకరణ మొత్తాన్ని మళ్లీ కంపైల్ చేసి, ఆజ్ఞల సంఖ్య, కోడ్ పరిమాణం, రిజిస్టర్ల వాడకం, బయటికి పోయిన విలువలు ఎంత మారాయో పట్టికగా జతచేస్తారు. సరిగ్గా పనిచేస్తోందా అన్నదానికి క్రోనోస్ వారి వల్కన్ అనుగుణ్యతా పరీక్షలు ఉన్నాయి. వాటి మూలం డ్రాఎలిమెంట్స్ అనే ఫిన్లండ్ కంపెనీ పని, దాన్ని 2014లో గూగుల్ కొనేసింది.

కంపైలర్ ఒక్కటే చాలదు

ఎంత వేగంగా కంపైల్ చేసినా గీయాల్సిన క్షణంలో చేస్తే తడబాటు పూర్తిగా పోదు. అందుకే మిగతా ప్రయత్నాలన్నీ ఆ పనిని వేరే సమయానికి జరపడం మీద సాగాయి. ఒకసారి కంపైల్ అయినదాన్ని మెసా డిస్కులో దాస్తుంది. అయితే డ్రైవర్ మారితే ఆ నిల్వ చెల్లదు, మెసా కొత్త వెర్షన్ వేసుకోగానే మొదటికొస్తుంది. స్టీమ్ మరో అడుగు వేసి, ఇతర ఆటగాళ్ల దగ్గర నమోదైన పైప్‌లైన్ల వివరాలను పంపి ఆట మొదలవకముందే కంపైల్ చేయిస్తుంది. 2022 ఫిబ్రవరిలో వచ్చిన స్టీమ్ డెక్ మీద ఇది ఇంకా తేలిక. చిప్, డ్రైవర్ అందరివీ ఒకటే కాబట్టి కంపైలైన ఫలితాన్నే దించుకోవచ్చు. గేమ్ కన్సోల్‌కు మొదటి నుంచీ ఉన్న సౌఖ్యం ఇది. రకరకాల కార్డులున్న మామూలు కంప్యూటర్లకు అది దక్కదు.

పద్ధతిలోనే మార్పు తెచ్చింది 2022 మార్చిలో క్రోనోస్ ప్రకటించిన గ్రాఫిక్స్ పైప్‌లైన్ లైబ్రరీ పొడిగింపు. పైప్‌లైన్‌ను నాలుగు భాగాలుగా విడగొట్టి దేనికది ముందే కంపైల్ చేయనిస్తుంది. గీసే క్షణంలో మిగిలేది వాటిని అతికించడమే. ఆ నవంబరులో వచ్చిన డీఎక్స్‌వీకే 2.0 దీన్ని వాడుకోవడం మొదలుపెట్టింది. ఏసీఓ వైపు దీనికి కొత్త పని పడింది. వెర్టెక్స్ (త్రిభుజం మూల) డేటా ఏ ఆకృతిలో వస్తుందో ముందు తెలియదు కాబట్టి దాన్ని చదివే భాగాన్ని ముందుమాటలాంటి చిన్న ముక్కగా, రంగును ఏ ఆకృతిలో రాయాలో తెలియదు కాబట్టి ఆ భాగాన్ని చివరి ముక్కగా విడదీసి, అవసరమైనప్పుడు జతచేయాలి. ఇలా అతికించిన షేడర్ మొత్తం కలిపి కంపైల్ చేసినదానంత చురుగ్గా ఉండదు. అందుకే మొదట అతుకు రూపంతో గీసి, వెనకాల తీరిగ్గా మెరుగైన రూపాన్ని తయారుచేసి మార్చుకుంటారు.

కాంతి కిరణాలను వెంబడించి బొమ్మ గీసే రే ట్రేసింగ్ వచ్చాక పాత చిక్కు కొత్త పరిమాణంలో ఎదురైంది. ఒక కిరణం ఏ వస్తువుకు తగులుతుందో ముందు తెలియదు కాబట్టి దృశ్యంలోని పదార్థాల షేడర్లన్నీ అందుబాటులో ఉండాలి. రాడ్‌వీ తొలి అమలు వాటన్నిటినీ ఒకే మహా షేడర్‌గా కుట్టేది, కంపైలేషన్‌కు విపరీతంగా సమయం పట్టేది. తర్వాత విడివిడిగా కంపైల్ చేసి ఒకదాన్నుంచి మరొకదానికి గెంతే పద్ధతికి మారారు. ఫంక్షన్ కాల్స్ అనేవే లేకుండా అన్నిటినీ లోపలే విప్పేసే అలవాటున్న కంపైలర్‌కు ఇది పెద్ద మార్పు.

ఇతర డ్రైవర్లు

ఎల్‌ఎల్‌వీఎం మీద ఆధారపడకుండా సొంత కంపైలర్ వాడే దారిలోనే మెసాలోని ఇతర డ్రైవర్లూ ఉన్నాయి. ఎన్‌విడియా కార్డుల కోసం ఫెయిత్ ఎక్‌స్ట్రాండ్ రస్ట్‌లో రాసిన నాక్, క్వాల్‌కామ్ అడ్రీనో చిప్‌ల కోసం ఫ్రీడ్రీనో డ్రైవర్ వాడే ఐఆర్3, ఆపిల్ చిప్‌ల కోసం అలిస్సా రోజెన్‌ట్స్‌వైగ్ రాసిన కంపైలర్, ఇంటెల్ సొంత వెనక భాగం, అన్నీ నిర్ నుంచి నేరుగా చిప్ ఆజ్ఞల్లోకి దిగేవే. ఏఎండీ ఓపెన్‌జీఎల్ డ్రైవర్ రేడియాన్‌ఎస్‌ఐకీ ఏసీఓతో పనిచేసే వీలు కల్పించారు. 2025లో ఏఎండీ తన ఏఎండీవీఎల్‌కే ప్రాజెక్టును ఆపేసి, లినక్స్‌లో వల్కన్‌కు రాడ్‌వీకే మద్దతిస్తానని ప్రకటించింది. ఎల్‌ఎల్‌వీఎం మార్గాన్ని రాడ్‌వీ పూర్తిగా తీసేయలేదు. డీబగ్ అమరికతో పిలిస్తే అది పలుకుతుంది, ఒకే షేడర్‌ను రెండు కంపైలర్లతో నడిపి చూసి, తప్పు షేడర్‌లో ఉందో ఏసీఓలో ఉందో తేల్చుకోవడానికి డ్రైవర్ బృందం దాన్ని వాడుకుంటుంది.